విజ్జీ పేరిట ఒక కప్పు

భారత క్రికెట్ బోర్డు ఏటా నడిపే పోటీల పేర్లు వరసగా చదువుకుంటూ పోతే 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టులోని పెద్దలంతా తగులుతారు. 16 ఏళ్ల లోపు కుర్రాళ్లు ఆడేది విజయ్ మర్చంట్ ట్రోఫీ. 23 ఏళ్ల లోపు వాళ్లది కల్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ. టీ20 పోటీ సయ్యద్ ముస్తాక్ అలీ పేరిట జరుగుతుంది. దేశవాళీ క్రికెట్లో మేటి ఆల్‌రౌండర్‌కి ఇచ్చే అవార్డుకు లాలా అమర్‌నాథ్ పేరు పెట్టారు. నలుగురూ ఆ ఓడెక్కినవాళ్లే. ఆ జట్టు సారథి నడిపిన రాజకీయంలో ఏదో ఒక మూల నలిగినవాళ్లే. సారథి పేరు పూసపాటి విజయ ఆనంద గజపతిరాజు, విజయనగరం మహారాజకుమార్. క్రికెట్ లోకానికి విజ్జీ.

ఆయన పేరిటా ఒక కప్పుంది. అది విశ్వవిద్యాలయాల క్రికెట్ కప్పు. తక్కిన నాలుగు పేర్లూ ప్రతి సీజన్లో పేపరెక్కుతాయి. ఈ పేరు మాత్రం బెజవాడ బందరు రోడ్డు పొడుగునా ఎవర్నడిగినా తెలియదంటారు. ఆ కప్పూ, దానికి తల్లిలాంటి రోహింటన్ బారియా ట్రోఫీ ఒకప్పుడు కాలేజీ కుర్రాణ్ణి తరగతి గదిలోంచి తిన్నగా టెస్టు మైదానానికి పంపేవి. ఇవాళ ఆ దారిన ఎవరూ నడవడం లేదు.

రోహింటన్ బారియా ట్రోఫీ ఒక తండ్రి దుఃఖంలోంచి పుట్టింది. బొంబాయికి చెందిన ఆర్దేషిర్ దాదాభాయ్ బారియా అనే పార్శీ పెద్దమనిషి, పోయిన కొడుకు రోహింటన్ గుర్తుగా దాన్ని చేయించి ఇచ్చాడు. మొదటి పోటీ 1935-36లో. గెలిచింది పంజాబ్ విశ్వవిద్యాలయం, అంటే లాహోరు. మొదట్లో కొన్నేళ్లు క్రికెట్ బోర్డే నడిపింది, ఆ తర్వాత విశ్వవిద్యాలయాల సంఘం చేతికొచ్చింది. అన్నిటికంటే ఎక్కువసార్లు కప్పు ఎగరేసుకుపోయింది బొంబాయి విశ్వవిద్యాలయం. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆ ఊళ్లో ట్రాము ఎక్కితే ఇటొక మైదానం, అటొక మైదానం.

ఆ రోజుల్లో బొంబాయి జనం విరగబడి చూసిన పోటీ మరొకటుంది. హిందువులొక జట్టు, పార్శీలొక జట్టు, ముస్లిములొక జట్టు, యూరోపియన్లొక జట్టుగా మతాలవారీగా ఆడిన పోటీ అది. తర్వాత అయిదో జట్టు కూడా చేరింది. 1940లలో దాన్ని ఎత్తేసేదాకా మైదానమంటే అదే. దాని పక్కనే విశ్వవిద్యాలయం జట్టు పుట్టడం చిన్న విషయం కాదు. ఏ దేవుడికి మొక్కుతావన్నది అక్కడ ఎవరికీ పట్టదు. ఏ కాలేజీలో చదువుతున్నావు, బంతి ఎక్కడ వేస్తావు, అంతే. బారియా పోటీని గురించి ఎవరైనా రాస్తే ఈ మాట ముందు రాయాలని నా పట్టుదల. కాని దాన్ని తలుచుకునేవాళ్లు ఎక్కువగా పరుగుల లెక్కలే తలుచుకుంటారు.

ఆ లెక్కలు మాత్రం తక్కువవా? 1948లో వెస్టిండీస్ జట్టు మన దేశానికి మొదటిసారి వచ్చింది. పర్యటన పట్టికలో ఉమ్మడి విశ్వవిద్యాలయాల జట్టుతో ఒక మ్యాచ్ ఉండేది. ఆ మ్యాచ్‌లో పాలీ ఉమ్రిగర్ అనే కుర్రాడు సెంచరీ కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. ఆ డిసెంబరులోనే బ్రేబోర్న్ స్టేడియంలో టెస్టు ఆడాడు. విద్యార్థిగా కొట్టిన సెంచరీ చేతిలో పట్టుకుని టెస్టు జట్టు తలుపు తట్టడం అప్పట్లో అంత సహజం. 1958-59లో అజిత్ వాడేకర్ ఢిల్లీ విశ్వవిద్యాలయం మీద 324 పరుగులు చేశాడు. ఆ రికార్డు పుష్కరకాలం నిలిచింది. 1970లో సెయింట్ జేవియర్స్ కాలేజీ కుర్రాడు సునీల్ గావస్కర్ 327 కొట్టాడు. మూడంటే మూడు పరుగులు ఎక్కువ. ఆ మరుసటి ఏడాదే గావస్కర్ వెస్టిండీస్ వెళ్లే విమానమెక్కాడు. 4 టెస్టుల్లో 774 పరుగులు చేసి వచ్చాడు. వాడేకరే అప్పుడు సారథి.

మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదువుతూనే వెంకటరాఘవన్ 1965లో టెస్టు ఆడాడు. హైదరాబాదు అబ్బాయి అబ్బాస్ అలీ బేగ్ 1959లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి. ఇంగ్లండు పర్యటనలో ఉన్న భారత జట్టుకు గాయాల బెడద వచ్చిపడితే ఆ కుర్రాణ్ణి కాలేజీ నుంచే పిలిపించారు. మాంచెస్టరులో తొలి టెస్టులోనే 112 చేశాడు. చదువుకునే పిల్లాడు టెస్టు ఆడటం వింత కాదు, చదువు మానేస్తేనే ఇంట్లో గోల.

మన డెల్టాకు ఈ కథలో చోటెక్కడని అడగొచ్చు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది బెజవాడలోనే. వాల్తేరు కొండమీదికి వెళ్లింది 1930లో. ఊరు విడిచి వెళ్లినా దాని నీడ మాత్రం చాలాకాలం ఇక్కడే ఉంది. బందరు నోబుల్ కాలేజీ, హిందూ కాలేజీ, 1937లో మొదలైన బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీ, 1950లలో వచ్చిన లయోలా, ఇవన్నీ ఆ విశ్వవిద్యాలయం గొడుగు కిందివే. డెల్టా కుర్రాడు పేరు తెచ్చుకోవాలంటే ముందు కాలేజీ జట్టులో, తర్వాత అంతర్ కళాశాలల పోటీలో, ఆ తర్వాత వాల్తేరు సెలక్షన్లో నిలబడాలి. అటు శ్రీకాకుళం నుంచి వచ్చినవాడితో, ఇటు గుంటూరు నుంచి వచ్చినవాడితో తలపడి పదకొండులో ఒకడవ్వాలి. అలా అయినవాణ్ణి గురించి ఊళ్లో ఒకే మాట చెప్పుకునేవారు: "వాడు యూనివర్సిటీకి ఆడాడు." పెళ్లిచూపుల్లో కూడా ఆ మాట పనికొచ్చేది. ఇంటర్ యూనివర్సిటీ బ్లేజరు ఇనప్పెట్టెలో నాఫ్తలీన్ ఉండల మధ్య ఏళ్ల తరబడి ఉండేది.

ఆట మ్యాట్ మీద. మనది నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండ కాస్తే వేలు దూరేంత నెర్రెలిస్తుంది. పచ్చిక పిచ్ పెంచి కాపాడటం ఏ కాలేజీ తరమూ కాలేదు. నేలను రోలర్‌తో అణగదొక్కి, మీద కొబ్బరి పీచు మ్యాట్ పరిచి, చుట్టూ ఇనప మేకులు దిగ్గొట్టేవారు. నలుగురు కుర్రాళ్లు నాలుగు మూలలా పట్టుకుని వెనక్కి వాలి లాగితే గాని మడత పోదు. మ్యాట్ బిగువు చూసేది కాలేజీ ఫిజికల్ డైరెక్టరు, పీడీ గారు. బూటు మడమతో ఒక్క పోటు పొడిచి, ఎక్కడ వదులుందో అక్కడ ఇంకో మేకు కొట్టించేవారు. ఎందుకంటే బంతి బతికేదీ చచ్చేదీ ఆ బిగువులోనే. బాగా బిగిస్తే గుడ్‌లెంగ్త్ బంతి ఛాతీ మీదికొస్తుంది, స్పిన్నర్ వేస్తే పాములా తిరుగుతుంది. అక్కడ కట్, పుల్ నేర్చినవాడు సంక్రాంతి ముందు ఏ మద్రాసుకో మైసూరుకో వెళ్లి పచ్చిక మీద ఆడాల్సొచ్చేసరికి, మోకాలి ఎత్తున వచ్చే బంతికి ఎల్‌బీడబ్ల్యూ. దక్షిణ మండల పోటీల్లో మన కుర్రాళ్లు తడబడ్డారంటే అందులో చేతకానితనంతోపాటు ఈ మ్యాట్ పాపం కూడా ఉంది.

విజ్జీ కప్పు కథ తెలియాలంటే మళ్లీ 1936కు వెళ్లక తప్పదు. బారియా ట్రోఫీ తొలి సీజన్ ముగిసిన వేసవిలోనే ఆ పర్యటన. విజ్జీ సారథి అయింది బ్యాటుతో కాదు. హోదాతో, డబ్బుతో, పెద్దల దగ్గరి పలుకుబడితో. ఆటంటే ఆయనకు ప్రాణం, అది కాదనలేం. 1930-31లో జాక్ హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను రప్పించి సొంత జట్టు కట్టి ఇండియా, సిలోను తిప్పిన మనిషి. ప్రాణం ఉన్నంత ఆట చేతిలో లేదు. ఆయన మొత్తం టెస్టు సంపాదన 3 మ్యాచుల్లో 33 పరుగులు. అదే పర్యటనలో మాత్రం ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

జట్టులో సీకే నాయుడు ఉన్నాడు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద 153 చేసి, అందులో 11 సిక్సర్లు కొట్టి, ఇండియాకు టెస్టు హోదా దక్కడానికి ఊపునిచ్చిన చెయ్యి ఆయనది. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు సారథి. పుట్టింది నాగపూరు, పూర్వీకులది మన బందరు. కొఠారి వారు. తండ్రి కేంబ్రిడ్జిలో చదివినవాడు. ఇద్దరూ తెలుగువాళ్లే, అయితేనేం, ఆ జట్టులో సీకే ఒక ముఠా, విజ్జీ ఒక ముఠా. సీకేని పెద్దగా చూసేవాళ్లు సారథికి కిట్టనివాళ్లు.

తొలి టెస్టుకు ముందే అమర్‌నాథ్‌ను ఇంటికి పంపేశారు. ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నవాణ్ణి బ్యాటింగ్ వరసలో కిందికి తోస్తూ పోతే విసిగి పంజాబీలో ఏదో అన్నాడని నేరం. అప్పటికి ఆ పర్యటనలో అందరికంటే బాగా ఆడుతున్నది అతనే. మాంచెస్టరు టెస్టులో విజయ్ మర్చంట్‌ను రనౌట్ చేయమని ముస్తాక్ అలీకి సారథి బంగారు వాచీ ఆశ పెట్టాడని కథ. ముస్తాక్ ఆ సంగతి పిచ్ మీదే మర్చంట్ చెవిన వేశాడట. ఇద్దరూ నవ్వుకుని తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. ముస్తాక్ 112, మర్చంట్ 114. చివరి టెస్టుకు బాకా జిలానీని తీసుకున్నది అతను టిఫిను బల్ల దగ్గర సీకేని అవమానించినందుకు బహుమతిగానేనని కోటా రామస్వామి తర్వాత తన జ్ఞాపకాల్లో రాశాడు. ఈయన మద్రాసు బుచ్చిబాబు నాయుడు గారి అబ్బాయి, కేంబ్రిడ్జి విద్యార్థి, డేవిస్ కప్పు టెన్నిస్ ఆడినవాడు, నలభయ్యో ఏట టెస్టు ఆడినవాడు. 1985లో ఇల్లు విడిచి ఎటో వెళ్లిపోయి మళ్లీ కనపడలేదు. ఆ కథ వేరే రాయాలి.

ఆ చివరి టెస్టులో, ఓవల్లో, గబీ ఆలెన్ బంతి వచ్చి సీకే ఒంటికి తగిలింది. మనిషి విలవిల్లాడాడు, అయినా లోపలికి పోలేదు. 81 పరుగులు చేశాడు. ఆయన టెస్టుల్లో ఆడిన చివరి ఇన్నింగ్స్ అది. ఇంటికి తిరిగొచ్చాక బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బోమాంట్ విచారణ చేసి అమర్‌నాథ్‌ది తప్పు లేదన్నాడు, విజ్జీ సారథ్యాన్ని ఎండగట్టాడు.

విజ్జీ జీవితం అక్కడితో ఆగిపోలేదు. 1954 నుంచి 1956 దాకా బోర్డు అధ్యక్షుడు. విశాఖపట్నం నుంచి లోక్‌సభ సభ్యుడు. రేడియోలో వ్యాఖ్యాత. పులుల వేట గురించి గొప్పలు చెబుతుంటే వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, మీరు తుపాకీతో చంపారా, అడవిలో మీ కామెంటరీ పెట్టి వదిలేస్తే విసుగుతో అవే చచ్చాయేమో అనుకున్నాను, అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, అలాంటి కథ ఒకరి మీద పుట్టిందంటేనే జనం ఆయన్ని ఏ కంటితో చూశారో తెలుస్తుంది. సీకే సంగతి చూడండి. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీలో తొలిసారి దిగినప్పుడు సారథి ఆయనే. 58 ఏళ్ల వయసు. తాతల గడ్డ పేరు జట్టుకుంది కదా అని వచ్చి ఆడాడు.

1965 డిసెంబరులో బనారసులో విజ్జీ కన్నుమూశాడు. మరుసటి సీజన్, 1966-67లో, మండలాల విశ్వవిద్యాలయ జట్లు పోటీపడే కొత్త కప్పుకు బోర్డు ఆయన పేరు పెట్టింది. బారియా ట్రోఫీలో బాగా ఆడినవాళ్లను ఏరి, ఉత్తర, దక్షిణ, తూర్పు, పడమర జట్లుగా చేసి ఆడించడం దాని పద్ధతి. దక్షిణ మండల జట్టులో చోటు దొరికిందంటే ఆంధ్ర కుర్రాడు మద్రాసు, మైసూరు, ఉస్మానియా వాళ్ల సరసన నిలిచినట్టు. 1967 నవంబరులో సీకే పోయాడు. ఆరేళ్లు గడిచాక, 1973-74లో, ఆయన పేరిట ఇంకో కప్పొచ్చింది. ఇది వయసు లెక్కన ఆడేది. మొదట 22 ఏళ్ల లోపు వాళ్లకు. ఆ హద్దు తర్వాత 25కు, 23కు మారుతూ వచ్చింది. అదే 1973లో విశ్వవిద్యాలయాల సంఘం కూడా తన పేరు మార్చుకుని భారత విశ్వవిద్యాలయాల సమాఖ్య అయింది.

ఆ రోజున ఎవరికీ అనుమానం రాలేదు. రెండు కప్పులూ కుర్రాళ్లవే, రెండూ ఉండనీ అనుకున్నారు. తేడా చిన్నదిగా కనపడింది. విజ్జీ కప్పు ఆడాలంటే కాలేజీలో పేరుండాలి. నాయుడు కప్పు ఆడాలంటే రాష్ట్ర సంఘం దృష్టిలో పడాలి, పుట్టినతేదీ సరిపోవాలి, అంతే. చదువు అక్కర్లేదు. 1945-46 నుంచి పాఠశాలల పోటీగా ఉన్న కూచ్ బెహార్ ట్రోఫీ 1987-88లో 19 ఏళ్ల లోపు పోటీగా మారిపోయింది. దాంతో పని పూర్తయింది. బడి, కాలేజీ, విశ్వవిద్యాలయం అనే మూడు మెట్లు తీసేసి 16, 19, 23 అనే మూడు అంకెలు పెట్టారు. మెట్ల మీంచి బడిగంట వినపడటం మానేసింది.

దీనికి బోర్డును తిట్టి లాభం లేదు. క్రికెట్ కోణంలో చూస్తే అది తెలివైన పనే. డిగ్రీ మొదటి ఏడాదికి 18 ఏళ్లు. ఆ వయసుకు కుర్రాడి ఆట ఎంతో కొంత స్థిరపడి ఉంటుంది. పదమూడు, పద్నాలుగేళ్లకే పట్టుకుని కోచ్‌ల చేతిలో పెడితే మేలు కదా. పైగా చదువు అబ్బని, కాలేజీ ఫీజు కట్టలేని పిల్లలకు పాత పద్ధతిలో తలుపు మూసే ఉండేది. కొత్త పద్ధతి దాన్ని తెరిచింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో నాగాలాండ్ మీద 441 కొట్టాడు, ఆ సీజన్లో 1,237 పరుగులు చేశాడు. అప్పటికి అతనికి 14 ఏళ్లు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114. గావస్కర్ 327 నాడు పలికినట్టే ఈ 441 నేడు పలికింది. నడుమ విశ్వవిద్యాలయం అవసరమే పడలేదు.

ఈ కథలో నన్ను బాధపెట్టేది ఇదే. ఆంధ్ర క్రికెట్ పైకి లేచిన ఏళ్లూ, మన కాలేజీ క్రికెట్ కుంగిన ఏళ్లూ ఒకటే. 1999లో గుంటూరు ప్రాంతపు ఎం.ఎస్.కె. ప్రసాద్ టెస్టు ఆడాడు. ఆ తర్వాత వన్డేల్లో వేణుగోపాలరావు, టెస్టుల్లో కాకినాడ నుంచి హనుమ విహారి, విశాఖ నుంచి కె.ఎస్. భరత్. బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో 2002 నవంబరు 24న వన్డే కూడా చూశాం. మార్లన్ శామ్యూల్స్ 108 నాటౌట్‌తో వెస్టిండీస్ 315 చేస్తే, మనవాళ్లు 180కి చేతులెత్తేశారు. ఏడు వన్డేల సిరీస్ 4-3తో చేజారింది ఇక్కడే. మూలపాడులో మైదానాలొచ్చాయి, 2016లో అక్కడ భారత, వెస్టిండీస్ మహిళలు వన్డేలు ఆడారు. పిచ్ మీద పచ్చిక కూడా వచ్చింది. ఊరు క్రికెట్‌కు దూరమైందని ఎవరూ అనలేరు. కాలేజీయే దూరమైంది.

డెల్టాలో దానికి సొంత కారణాలున్నాయి. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. ఇటు కృష్ణా, అటు గుంటూరు దాని కిందికెళ్లాయి. 2008లో బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చి కృష్ణా కాలేజీలను విడదీసింది. డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వేరు. ప్రతిదానికీ ఒక జట్టు. శ్రీకాకుళం కుర్రాడితో పోటీపడి గెలుచుకున్న చోటు ఇప్పుడు పక్క మండలం కుర్రాడితో పోటీపడితే దొరుకుతుంది. స్వాతంత్ర్యం నాటికి దేశమంతా కలిపి విశ్వవిద్యాలయాలు 20 లెక్కన ఉండేవి. 2021-22 ఉన్నత విద్యా సర్వేలో తేలినవి 1,168. అంతమంది ఆడే పోటీలో సెలక్టర్ ఎవర్ని చూడాలి, ఎక్కడ చూడాలి?

ఇంజనీరింగు కాలేజీల సంగతి తెలిసిందే. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీ మొదలైంది. ఆ దారిలో ఎన్ని వచ్చాయో బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు చూస్తే చాలు. అయినా నా లెక్కలో అసలు దెబ్బ డిగ్రీలో పడలేదు, ఇంటర్మీడియెట్‌లో పడింది. గూడవల్లి, నిడమానూరు, ఈడుపుగల్లు వైపు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు చూడండి. ఆరంతస్తుల భవనం, కిటికీలకు ఇనప జాలీ, కిందనున్న కాస్త జాగాలో బస్సుల వరస. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి దాకా స్టడీ అవర్. పదోతరగతిలో ఔట్‌స్వింగర్ వేసిన పిల్లాడు రెండేళ్లు బంతి ముట్టుకోకుండా అందులోంచి బయటికొస్తాడు. ఆ రెండేళ్లలో ఆట పోయినవాడు ఇంజనీరింగులో చేరాక విశ్వవిద్యాలయం జట్టుకు ఏం ఆడతాడు? ఆట పోనివాడు కాలేజీకి పోడు, సంఘం అకాడమీకి పోతాడు. పీడీ గారి చేతికి మిగిలేది ఇద్దరికీ మధ్య ఉన్నవాళ్లు.

ఇది ప్రపంచమంతా ఉన్న గతేనా అంటే, పూర్తిగా కాదు. ఇంగ్లండులో అలాగే జరిగింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి 1827 నుంచి ఆడుతున్న మ్యాచ్‌కు ఈమధ్యే ఫస్ట్‌క్లాస్ హోదా పోయింది. అమెరికాలో మాత్రం అడ్డం తిరిగింది. అక్కడి కాలేజీల ఐస్ హాకీ జాతీయ పోటీ 1948లో కొలరాడో స్ప్రింగ్స్‌లో నాలుగే నాలుగు జట్లతో మొదలైంది. మిషిగన్ గెలిచింది. 2024 ఏప్రిల్లో సెయింట్ పాల్‌లో జరిగిన ఫైనల్లో డెన్వర్ 2-0తో బోస్టన్ కాలేజీని ఓడించి పదో టైటిల్ ఎత్తింది. ఆ జూన్‌లోనే వృత్తి క్రీడాకారుల లీగు డ్రాఫ్టులో అందరికంటే ముందు పేరు పిలిపించుకున్నది బోస్టన్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది చదువుతున్న మాక్లిన్ సెలెబ్రీని. మనవాళ్లు ఎం.ఎస్. చదవడానికి వెళ్లే ఊళ్లే అవన్నీ. అక్కడ లీగు కాలేజీని నమ్ముకుంది. కుర్రాడు కాలేజీలో ఆడుతుంటే ఎదురు చూస్తుంది, కావలసినప్పుడు అక్కడినుంచే తీసుకుంటుంది. ఇక్కడ బోర్డు సొంత నిచ్చెన కట్టుకుంది, కాలేజీకి నిచ్చెన లేదు.

విశ్వవిద్యాలయాల క్రికెట్ ఇప్పటికీ జరుగుతూనే ఉంది. సెలక్షన్లు పెడతారు, విశ్వవిద్యాలయం పేరు వీపు మీద అచ్చేసిన ట్రాక్ సూట్లు ఇస్తారు, స్లీపర్ క్లాసులో కిట్ బ్యాగులు బెర్తుల కింద తోసుకుని వెళ్తారు. తెల్లబంతి మ్యాచ్‌లో ఓడి మూడోరోజుకు తిరుగు రైలు ఎక్కుతారు. వాళ్ల స్కోర్లు జిల్లా ఎడిషన్లో కూడా ఒక్కోసారి రావు. వాళ్లు చేతిలో పట్టుకొచ్చేది ఒక సర్టిఫికెట్. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో దానికి ఫారం-3 అని లెక్క. అంతర్జాతీయ ఆటగాడిది ఫారం-1, జాతీయ స్థాయి ఆటగాడిది ఫారం-2, బడిపిల్లలది ఫారం-4. నడుమ ఈ మూడో కాగితం మీద ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. అందుకని దాన్ని చులకన చేయను. కాకపోతే ఉమ్రిగర్‌కు ఆ కాగితం అక్కర్లేకపోయింది.

డిసెంబరు, జనవరి నెలల్లో రెండు పోటీల తేదీలూ ఒకదాని మీద ఒకటి పడితే పీడీ గారు మంచి బౌలర్‌కు ఫోన్ చేసి వస్తావా నాన్నా అనడమూ మానేస్తారు. ఆ కుర్రాడు 23 ఏళ్ల లోపు జట్టుతో సీకే కప్పు ఆడటానికే వెళ్తాడు. విజ్జీ కప్పు ఆడటానికి మిగిలినవాళ్లు వెళ్తారు. ఓవల్లో దెబ్బ తగిలినా క్రీజు వదలని ఆ బందరు మనవడు దీన్ని గెలుపనుకుంటాడని మాత్రం నాకు తోచదు. ఆయన తండ్రీ కాలేజీలో చదివినవాడే.